గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ రాసిస్తే చెల్లుతుందా? ఇంటర్వ్యూలో ఇచ్చిన రిపోర్టు ఎవరిది?

సందేహం: లాయర్ గారికి నమస్కారం. మాది బరంపురం. డేరా వీధి దగ్గర మా మామగారి కాలం నుంచి పట్టుచీరల షాపు ఉంది. మూడేళ్ళ క్రితం వెబ్‌సైట్ పెట్టించాం గానీ, గూగుల్‌లో వెతికితే ఎక్కడో ఐదో పేజీలో కనిపిస్తోంది. అందుకని ఎస్ఈఓ, అంటే గూగుల్ వెతుకులాటలో సైటును పైకి తెచ్చే పని, తెలిసిన మనిషిని పెట్టుకుందామని ఇద్దరిని ఇంటర్వ్యూ చేశాం. విశాఖ నుంచి వచ్చినతను 90 రోజుల్లో మొదటి స్థానం గ్యారంటీ అని స్టాంపు పేపరు మీద రాసిస్తానంటున్నాడు. ఆరు నెలల డబ్బు మాత్రం ముందే ఇవ్వాలట. శ్రీకాకుళం అమ్మాయి గ్యారంటీ ఇవ్వలేనంది. మేం అడిగితే మా సైటు చూసి నాలుగు పేజీల రిపోర్టు రాసిచ్చింది. మావారు ఆ అమ్మాయిని పెళ్ళి ఎప్పుడు చేసుకుంటావని అడిగి, పెళ్ళయితే మానేస్తుందిలే అని పక్కన పెట్టారు. ఆ రిపోర్టు విశాఖ అతని చేతికిచ్చి పని చేయిద్దామంటున్నారు. అలా చేయొచ్చా? ఎవరిని పెట్టుకున్నా రెండేళ్ళ బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచుకోవచ్చా?
- ఒక సోదరి, బరంపురం

జవాబు: అమ్మా, ముందు ఆ రిపోర్టు సంగతి చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అదే.

ఆ నాలుగు పేజీలు ఆ అమ్మాయి రాసినవి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే వాటి మీద హక్కు ఆమెది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆమెను ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి మీకు ఇచ్చింది, అంతవరకే మీకు అనుమతి. అయితే కాపీరైట్ రాతకే గాని ఆలోచనకు కాదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. 'ఫోటోలు బరువుగా ఉండి పేజీ ఆలస్యంగా తెరుచుకుంటోంది, ఒడియాలో ఒక్క పేజీ కూడా లేదు' అని ఆమె చూపిస్తే, ఆ లోపాలు సరిదిద్దుకోవడం తప్పు కాదు. ఆ రిపోర్టును జిరాక్స్ తీసి ఇంకొకరికి ఇవ్వడం, ఆమె రాసిన శీర్షికలు, చీరల వివరణలు ఉన్నవి ఉన్నట్టు సైటులో పెట్టడం మాత్రం హక్కు ఉల్లంఘనే. వాడుకోవాలని ఉంటే ఆమెకు ఫోన్ చేసి, ఆ పనికి ఎంత ఇవ్వమంటావమ్మా అని అడిగి, ఇచ్చి, రాతపూర్వకంగా హక్కు తీసుకోండి. మీ మగ్గం మీద నేసిన శాంపిల్ చీర చూడ్డానికి పట్టుకెళ్ళి, అదే డిజైను పక్క షాపతను నేయిస్తే మీకెలా ఉంటుంది?

పెళ్ళి ప్రశ్న కూడా వదిలేయలేను. 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. పెళ్ళవుతుందని పక్కన పెట్టడం అలాంటి తేడా కిందికే వస్తుంది.

ఇక గ్యారంటీ. గూగుల్ సంస్థే తన మార్గదర్శకాల్లో మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని రాసుకుంది. ఫలితం కనిపించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెప్పింది. ఆ స్థానం ఇచ్చేది గూగుల్, మాట ఇస్తున్నది విశాఖ అతను. తన చేతిలో లేనిదాన్ని రాసిస్తానంటున్నాడు.

పోనీ, రాసిచ్చాడే అనుకుందాం. ఏ మాటకు మొదటి స్థానం? మీ షాపు పేరు కొట్టి వెతికితే ఇప్పుడైనా మీ సైటే పైన వస్తుంది. అది చూపించి 'ఇదిగో మొదటి స్థానం' అంటాడు. లేదంటే నాలుగు రోజులు డబ్బు కట్టి ప్రకటన వేసి, స్క్రీన్‌షాట్ తీసి పంపుతాడు. పైగా బరంపురంలో కూర్చుని వెతికితే కనిపించే వరుస వేరు, హైదరాబాదులో వేరు. ఏది ప్రమాణమని కోర్టు తేల్చాలి? నష్టపరిహారం కావాలంటే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద మీకు జరిగిన నష్టాన్ని మీరే రుజువు చేయాలి. ఫలానా మొత్తం కడతానని అతను రాసిచ్చినా, 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది అందులో సబబైనంత మేరకే.

అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. 90 రోజుల గడువు మెడ మీద ఉన్న మనిషి అడ్డదారి పడతాడు. డబ్బిచ్చి వేరే సైట్లలో లింకులు కొంటాడు, దొంగ రివ్యూలు రాయిస్తాడు, పవర్‌లూమ్ చీర ఫోటో పెట్టి కింద 'అసలు బరంపురం పట్టు' అని రాస్తాడు. గూగుల్ పట్టుకుంటే జాబితాలోంచి పోయేది మీ సైటు. దొంగ రివ్యూలు, తప్పుడు వివరణలు వినియోగదారుల చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతి అవుతాయి, నోటీసు వచ్చేది షాపు పేరు మీద. భౌగోళిక గుర్తింపు ఉన్న కుంభం అంచు చీర పేరును వేరే చీరకు తగిలిస్తే అది ఇంకో కేసు. అందుకే ఇంటర్వ్యూలో 'ఎన్ని రోజుల్లో పైకి తెస్తావు' అని కాదు, 'నువ్వు చేయనని చెప్పే పనులు ఏమిటి' అని అడగండి.

ఒప్పందంలో గ్యారంటీ బదులు పని రాయండి. నెలకు ఎన్ని పేజీలు సరిచేయాలి, సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) లెక్కలు ఏ తేదీకి చూపాలి, లింకులు కొనడం, దొంగ రివ్యూలు నిషేధం, చేస్తే నష్టం ఎవరిది, అన్నీ ఉండాలి. డబ్బు నెలనెలా ఇవ్వండి. ఆరు నెలల అడ్వాన్సు ఒద్దు.

నా దగ్గరికి వచ్చిన ఒక మిఠాయి వ్యాపారి కథ చెబుతాను. సైటు చూసే కుర్రాడితో జీతం దగ్గర మాట పడింది. మర్నాడు ఫోన్‌లో సైటు తెరిస్తే తెల్ల పేజీ. డొమైన్, అంటే సైటు చిరునామా, ఎవరి పేరు మీద ఉందో వెతికించాం. కుర్రాడి పేరు, కుర్రాడి సొంత మెయిల్. మ్యాప్‌లో షాపు ప్రొఫైల్‌కు కూడా అతనే యజమాని. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కులాంటి రక్షణ ఉందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అనుమతి లేకుండా లాక్ చేస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. చట్టం అంతా ఆయన వైపే ఉంది. కాని పండగ సీజను అంతా ఆయన షాపు ఇంటర్నెట్‌లో లేదు. కాబట్టి డొమైన్, హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ ఖాతా), సెర్చ్ కన్సోల్, మ్యాప్ ప్రొఫైల్ నాలుగూ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. పని చేసేవారికి అవసరమైనంత అనుమతి ఇవ్వండి, యజమాని స్థానం మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

రాసిన కంటెంటు మీదా శ్రద్ధ పెట్టండి. జీతం మీద పెట్టుకున్న ఉద్యోగి పనిలో భాగంగా రాస్తే హక్కు మీది. ఫ్రీలాన్సర్‌గా పెట్టుకుంటే అతనిది, సంతకంతో రాసిస్తే తప్ప మీకు రాదు. ఆ రాతలో కాలం చెప్పకపోతే ఐదేళ్ళే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. మీ చీరలు విదేశాలకు వెళ్తాయి కాబట్టి 'ప్రపంచమంతటా, హక్కు ఉన్నంతకాలం' అని రాయించండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ముట్టుకోవద్దు. చూసి, కాపీ ఉంచుకుని, అక్కడికక్కడే తిరిగిచ్చేయండి. బాండు విషయానికొస్తే, మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. ఆ ధైర్యంతో మీరూ రాయించుకోవచ్చు గాని, కోర్టుకెళ్తే ఆ మనిషి మీద మీరు ఎంత ఖర్చు పెట్టారని అడుగుతారు. ట్రైనింగ్ ఇవ్వకుండా, ఖర్చు పెట్టకుండా బాండు మాత్రం రాయిస్తే నిలవడం కష్టం. మానేశాక వేరే చీరల షాపులో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఒక నెల నోటీసు చాలు.

మనది సరిహద్దు ఊరు కాబట్టి ఒక్క మాట. మనిషి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంట్లో కూర్చుని పని చేస్తే, రేపు గొడవ వస్తే అక్కడి కోర్టుకు తిరగాల్సి రావచ్చు. ఒప్పందం మీద సంతకాలు బరంపురంలో చేయించి, 'వివాదం వస్తే బరంపురం కోర్టులోనే' అని రాయండి. పనితో సంబంధమే లేని ఊరి కోర్టును ఎంచుకుంటే చెల్లదు. తెలుగులో రాస్తే ఇక్కడి కోర్టుకు అనువాదం చేయించాలి, ఇంగ్లీషులో రాసి తెలుగులో చదివి వినిపించండి. వాట్సాప్ మాటలు చెరిపేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో అవి సాక్ష్యమవుతాయి.

మీరు అడగలేదు గాని, మూడేళ్ళ క్రితం ఆ వెబ్‌సైట్ పెట్టించింది ఎవరి మెయిల్‌తో? ఈ రోజే చూడండి. మీ పేరు మీద లేకపోతే, ముందు అది మార్పించండి. ఎవరికైనా అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చేది ఆ తర్వాతే.