ఊళ్లోనే సొంతిల్లు ఉండగా ఆఫీసు దగ్గర అద్దెకు ఉండాలా?

మీ ఇల్లు హైదరాబాద్‌లో ఎల్‌బీ నగర్ దగ్గర, కొత్త ఉద్యోగం ఊరికి అటు చివరనున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, చేతికొచ్చేది నెలకు 32 వేలు. అమ్మానాన్నల దగ్గరే ఉంటే అద్దె మిగులుతుంది, ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకుంటే టైమ్ మిగులుతుంది, ఏం చేయమంటారు అని అడిగారు. నేను రెండూ చేశాను కాబట్టి రాస్తున్నాను. మాది వనస్థలిపురం. 2022 జూన్‌లో ఉద్యోగంలో చేరి 14 నెలలు ఇంటి నుంచే వెళ్లొచ్చాను. తర్వాత కొండాపూర్‌లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఇల్లు తీసుకున్నాను.

పొద్దున ఏడింటికల్లా స్కూటీ మీద ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్‌కి. అక్కడే రెడ్ లైన్ మొదలవుతుంది కాబట్టి సీటు దొరికేది. అమీర్‌పేటలో దిగి, ఆ జనంలో పడి బ్లూ లైన్ ఎక్కితే రాయదుర్గం. అంతవరకూ హాయే. కానీ మెట్రో అక్కడితో ఆగిపోతుంది, మన ఆఫీసులేమో ఇంకా ముందున్నాయి. వాన పడిన రోజు ఆ చివరి ముక్కకే ఆటోలో ముప్పావు గంట పట్టేది. మొత్తం మీద ఒక్కో వైపు రెండు గంటలు. రోజుకు నాలుగు చొప్పున 22 పనిదినాలకు లెక్కేస్తే నెలకు 88 గంటలు.

అయినా ఆ అలసటకు నేను అలవాటు పడిపోయాను. నేను గమనించనిది అమ్మ సంగతి. మా టీమ్‌కి సాయంత్రాలు అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి. ఎనిమిదింటికి బయటపడితే ఇంటికొచ్చేసరికి పది దాటేది. అమ్మకు షుగర్. "నువ్వు తినెయ్ అమ్మా" అంటే "నాకింకా ఆకలి లేదులే, నువ్వు రా" అనేది. నాన్న గేటుకు తాళం వేయకుండా హాల్లో కూర్చునేవారు. మళ్లీ పొద్దున ఐదింటికే లేచి అమ్మ నాకు డబ్బా కట్టాలి. ఒక రాత్రి నాకు అన్నం వడ్డిస్తుంటే ఆమె చేతిలో గరిటె వణికింది, ఒళ్లంతా చెమట. మాత్ర మాత్రం టైముకే వేసుకుని, తిండి నా కోసం ఆపింది. షుగర్ పడిపోయింది. పంచదార నీళ్లు తాగించి పక్కన కూర్చున్నాను. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. అద్దె మిగులుతోందని నేను లెక్క వేసుకుంటున్న రోజుల్లో ఆమె నిద్ర, తిండి రెండూ నా ఆఫీసు టైమింగ్స్‌కి ముడిపడిపోయాయి.

నాన్నకు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. "సొంతిల్లు పెట్టుకుని ఆడపిల్ల అద్దెకుంటే నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. మేనత్త ఫోన్ చేసి "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?" అని నెమ్మదిగా అడిగింది. నేను వాదించలేదు. ఒక ఆదివారం నాన్నను కొండాపూర్ తీసుకెళ్లి ఆ ఇల్లు చూపించాను. ఓనరుతో ఆయనే మాట్లాడారు, వాచ్‌మన్‌తో అయితే అరగంట. ఇంటికొచ్చి అమ్మతో "పైన ఓనరు ఫ్యామిలీయే ఉంటారు, కెమెరాలు ఉన్నాయి" అన్నారు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను. మీ ఇంట్లోనూ అభ్యంతరాలుంటే, ఇల్లు వెతికేటప్పుడే వాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఇక ఖర్చు. 27 వేల అద్దెలో నా వాటా 9 వేలు, మెయింటెనెన్స్, కరెంటు, పనిమనిషి కలిపి ఇంకో రెండున్నర వేలు. అన్నం మేమే వండుకుని కూరలు కర్రీ పాయింట్‌లో తెచ్చుకున్నా తిండికి 6 వేలు అయ్యేది. అంటే మీ జీతంలో సగానికి పైగా పోతుంది. చదువు కోసం తీసుకున్న లోన్ ఉంటే, అది తీరేదాకా ఇంట్లోనే ఉండమంటాను. అద్దెకుంటే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె కోసమని ఇచ్చే భాగం) మీద పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే దాని కోసం వెళ్లకండి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు, పైగా మీ జీతానికి అసలు పన్నే పడదు.

ఇల్లు చూసేటప్పుడు అందరూ టైల్స్, బాల్కనీ చూస్తారు. మీరు నీళ్ల గురించి అడగండి. అదీ ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని. మంజీరా నీళ్లు, అంటే నల్లా నీళ్లు, వస్తాయా, బోరు ఎండాకాలంలో నిలుస్తుందా, ట్యాంకర్ తెప్పిస్తే డబ్బులు ఎవరిస్తారు. మాకు ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండింది, ట్యాంకర్ల ఖర్చంతా అద్దెకున్నవాళ్ల మీదే పడింది. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. 11 నెలలు అయ్యాక అద్దె ఎంత పెరుగుతుందో అందులోనే రాయించుకోండి. చేరిన రోజే గోడలన్నీ వీడియో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

నన్నడిగితే, మొదటి మూడు నెలలు ఇంటి నుంచే వెళ్లండి. మీ షిఫ్ట్ ఎలా ఉంటుందో, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రమ్మంటారో అప్పుడు తెలుస్తుంది. రెండు మూడు రోజులే అయితే ఇంట్లోనే ఉండండి, ఇందులో నాకు సందేహమే లేదు. రోజూ వెళ్లాల్సి వస్తే ముందు ఒక నెల గచ్చిబౌలి వైపు హాస్టల్లో టూ షేరింగ్‌లో (గదికి ఇద్దరు) ఉండి చూడండి. బయట ఉండటం మీకు పడుతుందో లేదో తెలిశాకే ఇంటికి అడ్వాన్సు కట్టండి.

ఇంట్లో పోట్లాడి మాత్రం వెళ్లకండి. కొండాపూర్ వెళ్లిన మూడో నెలలో నాకు డెంగీ వచ్చింది. అమ్మ వచ్చి తొమ్మిది రోజులు నా మంచం పక్కన నేల మీద పరుపు వేసుకుని పడుకుంది. కోపంతో వచ్చేసి ఉంటే, ఆ జ్వరంలో కూడా నేను ఆమెకు ఫోన్ చేసేదాన్ని కాదేమో.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాల బిల్లు, కరెంటు బిల్లు నేను కట్టేదాన్ని. మీరు ఉండిపోయినా ఏదో ఒక ఖర్చు మీ పేరు మీద పెట్టుకోండి, అది అడగకుండానే చేయాల్సిన పని. నేను బయటికొచ్చాక పాల బిల్లు నాన్న తీసుకున్నారు, కరెంటు బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఇప్పటికీ నెలనెలా నా ఫోన్లోనే కడతాను. మొన్న 400 ఎక్కువొచ్చిందేమిటని ఫోన్ చేస్తే, అమ్మకు మధ్యాహ్నం ఉక్కపోస్తోందని నాన్న కొత్త కూలర్ కొన్నారట. "నీకు చెప్పొద్దన్నారు" అంది అమ్మ. ఎనిమిదిన్నరకే భోంచేసి పడుకోబోతోంది.