సైకిల్ షాపులో చెక్కపెట్టె

తమ్ముడూ,

నీ కథ మూడోసారి తిరిగొచ్చిందని, ఇక రాయడం మానేస్తానని రాశావు. కథ మళ్లీ చదివాను. దాని సంగతి చెప్పే ముందు నీకు రైట్ సోదరుల గురించి చెప్పాలి.

1903 డిసెంబర్ 17 అందరికీ తెలుసు. అమెరికాలో కిట్టీ హాక్ ఇసుకలో వాళ్ల విమానం మొదటిసారి ఎగిరింది, 12 సెకన్లు, 120 అడుగులు. నాకు మాత్రం దానికి రెండేళ్ల ముందు సంగతే మనసులో ఉండిపోయింది. 1901 వేసవిలో వాళ్ల గ్లైడర్, అంటే ఇంజను లేని విమానం, అనుకున్నట్టు లేవలేదు. జర్మనీలో ఒట్టో లిలియెంథాల్ అనే ఆయన దాదాపు 2,000 సార్లు గ్లైడర్ మీద ఎగిరి, 1896లో కిందపడి చనిపోయాడు. రెక్కని గాలి ఎంత బలంతో పైకి లేపుతుందో చెప్పే ఆయన పట్టికలు చూసే వీళ్లు రెక్కలు కట్టుకున్నారు. లెక్క ప్రకారం రావాల్సిన బలంలో మూడో వంతే వచ్చింది. అన్నదమ్ముల్లో పెద్దవాడు విల్బర్ బాగా డీలా పడ్డాడు. మనిషి ఇంకో 50 ఏళ్ల దాకా ఎగరలేడని ఆ ఏడాది తమ్ముడితో అన్నానని తర్వాత తనే చెప్పాడు.

ఇంటికెళ్లి ఏం చేశారో చూడు. డేటన్‌లో తమ సైకిల్ షాపులో ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక చివర ఫ్యాన్ బిగించారు. రేకుతో బుల్లి రెక్కలు కత్తిరించారు. రంపం బ్లేడు ముక్కలు, సైకిల్ స్పోకులతో ఒక తక్కెడ లాంటిది చేసి, ఒక్కో రెక్కనీ గాలిలో పెట్టి తూచారు. దాదాపు 200 రకాలు! తప్పు ముఖ్యంగా ఎక్కడుందో అప్పుడు తెలిసింది. గాలి ఒత్తిడి లెక్కకట్టడానికి వందేళ్లకు పైగా అందరూ వాడుతున్న ఒక అంకె అసలుకన్నా బాగా ఎక్కువ. 1902లో సొంత కొలతలతో కట్టిన గ్లైడర్ వందలసార్లు ఎగిరింది.

ఇప్పుడు నీ కథ. వానతో మొదలై చావుతో ముగిసింది. కథంటే ఇలాగే ఉండాలని నీకు ఎవరు చెప్పారో గానీ, ఆ కొలతను నువ్వు ఒక్కసారీ పరీక్షించలేదు. మూడుసార్లు తిరగరాసినా ఆ రెండూ కదల్లేదు. బస్టాండులో తండ్రీకొడుకులు చిల్లర లెక్కపెట్టుకుంటూ మాట్లాడే నాలుగు మాటలున్నాయే, అక్కడ నా గొంతు పూడుకుపోయింది. కథ మొత్తాన్నీ పక్కన పెట్టు. ఆ నాలుగు మాటలే తీసుకో. ఒకసారి కొడుకు వైపు నుంచి రాయి, ఒకసారి తండ్రిని మాట్లాడనివ్వకుండా రాయి. పైకి చదివి, ఏది నిలబడుతుందో విను.

నేను ఈ పని మొదలుపెట్టేసరికి నా కథలు ఆరేళ్లుగా తిరిగొస్తూనే ఉన్నాయి. నువ్వు అన్నేళ్లు పోగొట్టుకోవద్దు, నాకు అదే బాధ.

దసరాకి ఎలాగూ ఊరొస్తావు. ఆ ముక్కలు ఎన్ని రాస్తే అన్నీ పట్టుకురా, బాగా రానివి కూడా. వరండాలో కూర్చుని చదువుకుందాం.

నీ అన్నయ్య