సొంత సెలూన్‌కి ముందు కొనాల్సింది తక్కెడ, అద్దాలు కాదు

పదిహేనేళ్లు వేరేవాళ్ల దగ్గర కత్తెర పట్టానని, ఇప్పుడు హైదరాబాద్‌లో నాలుగు కుర్చీలతో సొంత సెలూన్ పెడుతున్నానని, డబ్బు ముందు దేనికి ఖర్చుపెట్టాలో చెప్పమని అడిగారు. రంగు తూచడానికి గ్రాములు చూపే డిజిటల్ తక్కెడకి, నీళ్లకి, ఎవరికి ఏ రంగు ఎంత వేశారో రాసుకునే కస్టమర్ కార్డులకి పెట్టండి. సీలింగు, రంగు లైట్లు తర్వాత చూసుకోవచ్చు. కట్టింగ్ బాగా వచ్చినవాళ్లు కూడా సెలూన్ పెట్టి మునిగేది కలర్ పనిలోనే. కట్టింగ్ చెడితే నెలలో సర్దుకుంటుంది. కలర్ చెడితే ఆ ఇంటి నుంచి ఇంకెవరూ రారు.

శనివారం సాయంత్రం ఒకమ్మాయి వస్తుంది. ఆదివారం అక్క పెళ్లి. నడుము దాకా జుట్టు. దానికి హైలైట్స్, అంటే కొన్ని పాయలకి బ్లీచ్ పెట్టి లేత రంగు తెప్పించడం, కావాలంటుంది. ఇంతకుముందు ఏం వేశారని అడిగితే "ఏమీ లేదండీ, గోరింటాకే" అంటుంది. అక్కడే ఆగాలి. ఆకు నూరి పెట్టుకున్నారా, ప్యాకెట్‌లో వచ్చే నల్ల హెన్నానా అని అడగండి. కొన్ని నల్ల హెన్నాల్లో లోహపు లవణాలుంటాయి. బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ తగిలిందంటే అవి వేడెక్కుతాయి. పాయలకి చుట్టిన ఫాయిల్ చేతికి కాలుతుంది, పొగ వస్తుంది, వెంట్రుక జిగురులా సాగి మధ్యలో తెగుతుంది.

అందుకే మెడ వెనక లోపలి పొర నుంచి ముప్పై నలభై వెంట్రుకలు కత్తిరించి దారంతో కట్టండి. గాజు గిన్నెలో 30 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ పెరాక్సైడ్, అంటే 6 శాతానిది, పోసి అందులో 20 చుక్కల అమ్మోనియా కలిపి, ఆ పాయను అరగంట ముంచండి. గిన్నె వేడెక్కినా, బుడగలు లేచినా, అమ్మోనియాది కాని చెడు వాసన వచ్చినా, రంగు ఒక్కసారిగా మారినా ఆ జుట్టుకి బ్లీచ్ పెట్టకూడదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి, పాతది కత్తిరించుకుంటూ పోవడం తప్ప దారి లేదని చెప్పి బ్లో డ్రై చేసి పంపండి. ఆ రోజు ఆదాయం పోతుంది, పోనివ్వండి. ఎవరో తొందరపడి అప్పటికే పెట్టేసి ఫాయిల్ వేడెక్కుతోందంటే, వెంటనే విప్పి చల్లటి నీటి ధార కింద రుద్దకుండా కడగాలి.

పరీక్షలో ఏమీ కాకపోయినా 40 వాల్యూమ్ జోలికి పోవద్దు. 20తోనే, తల చర్మానికి అర అంగుళం వదిలి పెట్టండి. లేదంటే ఒంటి వేడికి కుదుళ్ల దగ్గర రంగు త్వరగా తేలి, పైన పసుపు, కింద నారింజ కనిపిస్తుంది. పది నిమిషాలకోసారి ఫాయిల్ విప్పి చూడాలి. ఇక పీపీడీ (ముదురు రంగుల్లో ఉండే, ఎలర్జీ తెచ్చే రసాయనం) ఉన్న రంగు ఏదైనా చెవి వెనక రాసి 48 గంటలు చూడకుండా తలకి పెట్టకండి. "ఎప్పుడూ వేసుకుంటాను" అన్న మాటను నమ్మొద్దు, ఎలర్జీ పదోసారి కూడా రావచ్చు.

నీళ్ల సంగతి ఎవరూ అడగరు, నాకు అదే బాధ. బోరు నీళ్లలో సున్నం, ఇనుము ఎక్కువుంటే రంగు మచ్చలుగా పడుతుంది, స్మూతెనింగ్ చేసిన జుట్టు వారానికే గరుకెక్కుతుంది. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు, అది నీటి కఠినత్వాన్ని విడిగా చెప్పదు. హార్డ్‌నెస్ కిట్‌తో చూసి, ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ పెట్టించండి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ వద్దు, తల మీద నీళ్లు ఒకసారి కాలి ఒకసారి వణికిస్తాయి. షాంపూ బేసిన్‌కి 25 లీటర్లది పెట్టండి.

లెక్క కాగితం మీద వేసుకోండి. అద్దె 40,000, ముగ్గురు స్టైలిస్టులకి 60,000, హెల్పర్‌కి 12,000, కరెంటు, నీళ్లకి 13,000 అనుకుందాం. మొత్తం 1,25,000. మంగళవారాలు తీసేస్తే 26 రోజులు. రోజుకి సుమారు 4,800 వస్తేనే సమానం, అంటే 200 రూపాయల కట్టింగ్‌లు 24. సరుకు ఖర్చు ఇంకా కలపలేదు. మగవాళ్ల కుర్చీలు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప దీక్షలతో ఖాళీ అవుతాయి, ఆషాఢంలో పెళ్లి పనులుండవు. మూడు నెలల అద్దె పక్కన పెట్టకుండా తాళం తీయొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కానీ, సరుకు మీద మీరు కట్టింది వెనక్కి రాదు. కాబట్టి పారబోసిన ప్రతి గ్రాము మీ జేబులోంచే. కుదుళ్ల టచప్‌కి 30 గ్రాముల రంగు, 45 గ్రాముల డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్) చాలు. తక్కెడ లేనిచోట 60 గ్రాముల ట్యూబు మొత్తం పిండి సగం బేసిన్‌లో పోస్తారు. కమీషన్ కూడా సరుకు ఖర్చు తీసేశాకే లెక్కకట్టండి, అప్పుడు స్టాఫ్ వాళ్లే తూకం వేస్తారు.

పని మానేసిన స్టైలిస్టు వెంట కస్టమర్లు పోతారని భయపడేవాళ్లు కార్డులు రాయరు, అది నాకు అర్థం కాదు. కార్డు షాపులో ఉంటే మిగిలినవాళ్లు అదే రంగు మళ్లీ తెప్పించగలరు. ఇలా రాయండి: బేస్ 4 (గోధుమ రంగు), 30 గ్రాములు, 20 వాల్యూమ్ 45 గ్రాములు, 35 నిమిషాలు. కణతల దగ్గర తెలుపు ఎక్కువ, అక్కడే మొదలుపెట్టాలి. నడినెత్తిన సుడి ఎడమకి, అక్కడ తడి మీద పొట్టిగా కత్తిరించొద్దు, ఆరాక లేచి నిలబడుతుంది.