మూడు యాప్‌లు, మూడు అంకెలు: ఏ డెసిబెల్ నమ్మాలి?

ప్రశ్న: ఇంట్లో పాటలు ఎంత గట్టిగా వింటున్నానో తెలుసుకుందామని ఫోన్‌లో మూడు సౌండ్ మీటర్ యాప్‌లు వేశాను. ఒకే పాటకి ఒకటి 71, ఇంకోటి 78, మూడోది 85 డెసిబెల్‌లు చూపిస్తోంది. ఏది కరెక్ట్? మంచి యాప్ ఒకటి చెప్పండి.

జవాబు: అంకెలు మారతాయేమో గానీ ఈ ప్రశ్న మాత్రం మారకుండా వస్తూనే ఉంది, చివర్లో ఆ "మంచి యాప్ చెప్పండి" కూడా. యాప్ మార్చుకుంటూ పోతే ఇది తేలదండీ. మూడింట్లో ఏదీ కరెక్ట్ కాకపోవచ్చు.

ఫోన్‌లో మైకు పెట్టింది మీ మాట అవతలివాళ్లకి స్పష్టంగా వినపడాలని. చిన్న గొంతుని పెంచడం, పెద్ద శబ్దాన్ని తొక్కిపట్టడం, గాలి చప్పుడు తగ్గించడానికి కింది బేస్‌ని కొంత కోసేయడం, ఇవన్నీ ఫోన్ మీకు చెప్పకుండానే చేసేస్తుంది. కొన్ని యాప్‌లు ఈ సర్దుబాట్లేవీ లేని శబ్దం ఇమ్మని అడుగుతాయి, కొన్ని వచ్చిందే తీసుకుంటాయి. పైగా మోడల్‌కో రకం మైకు. అసలు మీటర్‌నైతే 1,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత, బేస్ అయితే ఈ అంకె చిన్నది) దగ్గర 94 డెసిబెల్‌లు వినిపించే చిన్న క్యాలిబ్రేటర్‌ని మైకుకి తొడిగి సరిచూస్తారు, ఫోన్ అంచున ఉన్న చిల్లుకి దాన్ని తొడగలేం. అయినా యాప్ మాత్రం 78.4 అని చుక్క పెట్టి మరీ చెబుతుంది! ముందున్న 78కే దిక్కు లేనప్పుడు ఆ పాయింట్ నాలుగు ఎవరికోసం?

యాప్‌ని తిట్టేముందు ఒకసారి సెట్టింగ్స్ చూడండి, చాలామంది చూడరు. కొలతలో 'ఏ' అని ఒకటి, 'సీ' అని ఒకటి ఉంటాయి. మన చెవికి బేస్ తక్కువగా వినపడుతుంది కాబట్టి 'ఏ' పెడితే 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్‌లు, 50 దగ్గర 30 దాకా తగ్గించి లెక్కిస్తుంది. 'సీ' అక్కడ దాదాపు ఏమీ తగ్గించదు. బేస్ దంచే పాట పెట్టి ఒక యాప్‌ని 'ఏ'లో, ఇంకోదాన్ని 'సీ'లో ఉంచితే ఆ రెండు అంకెలూ కలవమన్నా కలవవు. చెవికి హాని గురించైతే 'ఏ' పెట్టుకోండి. ఫోన్ కవర్ తీసేసి, మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో, వేలు మైకుకి అడ్డం రాకుండా ఉంచి, నాలుగైదు పాటలు పూర్తిగా నడిచాక సగటు చూడండి. ఎగిరెగిరి పడే గరిష్ఠ అంకెతో మీకు పని లేదు.

ఇంత తంటా ఎందుకంటారా? పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌లు మించొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. మూడు డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది, 83 అయితే 20 గంటలు, 86 అయితే 10. అంటే మీ యాప్ ఏడు డెసిబెల్‌లు తక్కువ చూపిస్తే మీరు వినదగ్గ టైమ్ ఐదు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒకే ఫోన్, ఒకే యాప్, ఒకే చోటు పెట్టుకుని నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని చూసుకోవడానికే ఆ అంకెని వాడండి. 70 లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. 80 దాటి కనిపిస్తుంటే నిజంగా ఇంకా ఎక్కువే ఉందనుకుని తగ్గించండి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టే సంగతికి వద్దాం, దీని గురించి మాత్రం ఎవరూ అడగరు. మూడు యాప్‌లు వేశారంటే ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇంట్లో మైకు ఇచ్చారన్నమాట. అంకె చూపించడానికి మైకు కావాలి, నిజమే. లొకేషన్ ఎందుకు? కాంటాక్ట్స్ ఎందుకు? "శబ్దాన్ని రికార్డ్ చేసి క్లౌడ్‌లో దాచుకోండి" అనే బటన్ ఎందుకు? ఇంట్లో పాటలతో పాటు బ్యాంకు ఫోన్ కాల్సూ, పైకి చదివే ఓటీపీలూ, గొడవలూ కూడా నడుస్తుంటాయి. అడిగిన ప్రతిదానికీ అలవాటుగా 'ఓకే' నొక్కేసి, తర్వాత నా డేటా పోయిందని రాస్తే నేనేం చేయగలను?

ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి యాప్ తెరవండి. డెసిబెల్ లెక్క ఫోన్‌లోనే అయిపోతుంది, నెట్‌తో పనేమీ లేదు. నెట్ లేకపోతే కొలవనని మొరాయించే యాప్‌ని అక్కడికక్కడే పీకేయండి. మైకు పర్మిషన్ 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని ఉండాలి. యాప్ మూసేశాక కూడా స్క్రీన్ పైన పచ్చదో నారింజదో చిన్న చుక్క వెలుగుతుంటే మైకుని ఇంకా ఎవరో వాడుతున్నట్టే. స్టోర్ బయట దొరికే "క్యాలిబ్రేట్ చేసిన ప్రో వెర్షన్" జోలికి అసలు వెళ్లొద్దు.

ప్రశ్న: నా యాంప్లిఫైయర్ మీద -28 డెసిబెల్ అని వస్తుంది. మైనస్ కాబట్టి చెవులకి సేఫే కదా?

జవాబు: కాదు. అది గదిలో శబ్దం కాదు, సున్నా అనే గుర్తు నుంచి వాల్యూమ్ ఎంత కిందికి ఉందో చెప్పే లెక్క. హోమ్ థియేటర్ రకం యాంప్లిఫైయర్‌కి ఆటో క్యాలిబ్రేషన్ (మైకు పెట్టి గదికి తగ్గట్టు స్పీకర్లని సర్దుకోవడం) చేసి ఉంటే సున్నా అంటే సినిమా మిక్సింగ్ స్థాయి, ఒక్కో ముందు స్పీకర్ నుంచి గరిష్ఠంగా 105 డెసిబెల్‌ల దాకా వచ్చే స్థాయి. చేయకపోతే ఆ సున్నాకి అర్థమే లేదు.

అసలు తప్పు మీది కాదులెండి. టీవీలో 32, స్పీకర్‌లో పదికి నాలుగు, ఫోన్‌లో అంకె కూడా లేని గీత. ఒకదాని 4కీ ఇంకోదాని 4కీ చుట్టరికం లేదు, పైగా ఒక అప్‌డేట్ రాగానే నిన్నటి 4 ఇవాళ గోల చేస్తుంది, ఆ సంగతి "చిన్న మెరుగుదలలు" అనే రెండు ముక్కల్లో దాక్కుంటుంది. ఎంతసేపు ఎంత గట్టిగా విన్నామో వినే పరికరమే లెక్కగట్టి చెప్పాలని టెలికాం ప్రమాణాలు రాసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐటీయూ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి 2018లోనే హెచ్.870 అని ప్రమాణం రాసిపెట్టాయి. చాలా కంపెనీలకి లైట్లు రంగులు మార్చే స్పీకర్ చేయడానికి తీరిక ఉంది గానీ దీనికి లేదు.

ప్రశ్న: హెడ్‌ఫోన్స్‌ని ఫోన్ మైకుకి ఆనించి కొలవొచ్చా?

జవాబు: వద్దు. చెవికి బిగుసుకున్నప్పుడు వచ్చే బేస్ అక్కడ రాదు, అంకె తప్పొస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్ శబ్దం లెక్క ఉంటే అదే చూడండి, అదీ ఆ ఫోన్ గుర్తుపట్టే హెడ్‌ఫోన్స్‌కే దాదాపుగా సరిపోతుంది. వైరు పెట్టుకునే ఏదో ఒక జతకైతే అదీ ఊహే.