సగటు చాటున పేదరికం: ఐరోపా ప్రాంతీయ నిధులపై పాఠకుల ప్రశ్నలు

2021–27 ఏడేళ్ల కాలానికి ప్రాంతాల మధ్య తేడాలు తగ్గించడం కోసం ఐరోపా సమాఖ్య సుమారు 39,200 కోట్ల యూరోలు కేటాయించింది. సమాఖ్య బడ్జెట్‌లో ఇది దాదాపు మూడో వంతు. ఈ డబ్బు ఎవరికి వెళ్తుంది, ఎలా వెళ్తుంది, ఎక్కడ చిక్కుకుంటుంది అన్నవాటిపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: ఏ ప్రాంతం వెనకబడినదో ఎవరు తేలుస్తారు? రాజకీయ ఒత్తిళ్లు పనిచేయవా? – గ్రూప్-1 అభ్యర్థి, హనుమకొండ

జవాబు: తేల్చేది అంకెలు. ఒత్తిళ్లన్నీ ఆ అంకెల సూత్రం రాసేటప్పుడే జరిగిపోతాయి. ఏడేళ్లకోసారి దేశాధినేతలు కూర్చుని బేరమాడుకుంటారు. సూత్రం కుదిరాక మాత్రం మార్పులు అరుదు.

లెక్కకు తీసుకునేది దేశాన్ని కాదు, ప్రాంతాన్ని. స్థూలంగా 8 లక్షల నుంచి 30 లక్షల జనాభా ఉండే గణాంక విభాగాలు ఇవి. ఒక్కో విభాగంలో తలసరి జీడీపీని అక్కడి ధరలకు సరిచేసి, సమాఖ్య సగటును 100 అనుకుని పోలుస్తారు. ఈ విడతకు 2015, 2016, 2017 సంవత్సరాల సగటు తీసుకున్నారు. 75 లోపు ఉంటే వెనకబడిన ప్రాంతం, 75–100 మధ్య ఉంటే మారుతున్న ప్రాంతం, 100 దాటితే అభివృద్ధి చెందినది. వెనకబడిన ప్రాంతంలో ప్రాజెక్టు ఖర్చులో 85 శాతం వరకూ సమాఖ్య భరిస్తుంది. మారుతున్న ప్రాంతాల్లో సాధారణంగా 60, గత విడతలో వెనకబడిన జాబితాలో ఉండి ఇప్పుడు పైకి వచ్చినవైతే 70. అభివృద్ధి చెందినవాటికి సాధారణంగా 40.

పరీక్షలో పొరబడే చోటు ఒకటుంది. కొహీషన్ ఫండ్ అనే నిధి మాత్రం ప్రాంతాన్ని చూడదు, దేశాన్ని చూస్తుంది. తలసరి జాతీయాదాయం సమాఖ్య సగటులో 90 శాతం కంటే తక్కువున్న 15 దేశాలకే అది దక్కుతుంది. రవాణాకు, పర్యావరణానికి మాత్రమే ఖర్చు పెట్టాలి. ఈ డబ్బులోని మిగతా ప్రధాన నిధుల్లో సామాజిక నిధి 1957 రోమ్ ఒప్పందంతో, ప్రాంతీయాభివృద్ధి నిధి 1975లో వచ్చాయి. ఉమ్మడి మార్కెట్ తెరిస్తే పెట్టుబడి ఉన్న చోటికే చేరుతుందన్న భయంతో 1988లో, జాక్ డెలోర్ సమాఖ్య కమిషన్ (సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ) అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, ఈ నిధుల్ని రెట్టింపు చేయాలని నిర్ణయించారు.

ప్రశ్న: తలసరి జీడీపీ నిజంగా పేదరికాన్ని చూపుతుందా? – అర్థశాస్త్ర అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పూర్తిగా చూపదు. మనిషి ఎక్కడ పనిచేస్తే ఆ చోటి జీడీపీలో అతని ఉత్పత్తి చేరుతుంది, భాగించేది మాత్రం అక్కడ నివసించేవాళ్ల సంఖ్యతో. అందుకే రోజూ ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి జనం వచ్చి పనిచేసి వెళ్లే లక్సెంబర్గ్‌లో తలసరి సమాఖ్య సగటుకు రెండింతలు మించి కనిపిస్తుంది. 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో పాతిక శాతానికి పైగా పెరిగినట్టు తేలింది. బహుళజాతి సంస్థలు తమ ఆస్తుల్ని కాగితాల మీద అక్కడికి తరలించడమే ప్రధాన కారణం. ఆ తర్వాత ఐర్లండ్ తన సొంత అవసరానికి సవరించిన జాతీయాదాయం అనే వేరే కొలమానం పెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటే పెద్ద సమస్య సరిహద్దు గీత ఎక్కడ గీశారన్నది. హంగరీలో బుడాపెస్ట్ నగరం, దాని చుట్టూ ఉన్న పెస్ట్ జిల్లా చాలాకాలం ఒకే విభాగంగా ఉండేవి. రాజధాని సంపదతో సగటు పైకి లేచి, పెస్ట్ గ్రామాలకు రావలసిన వాటా పడిపోయింది. 2018 నుంచి రెంటినీ విడదీశారు. ఇప్పుడు బుడాపెస్ట్ అభివృద్ధి చెందిన ప్రాంతం, పెస్ట్ వెనకబడిన ప్రాంతం. పోలండ్ వార్సాను, లిథువేనియా విల్నియస్‌ను ఇలాగే వేరుచేశాయి. ఐర్లండ్ 1999లోనే రెండుగా చీలి, పశ్చిమ, సరిహద్దు జిల్లాలకు హెచ్చు సాయం నిలబెట్టుకుంది. దీన్ని గడుసుతనం అన్నవాళ్లున్నారు. నిజానికి తప్పు మొదటి గీతది, విడదీసినవాళ్లది కాదు.

ప్రశ్న: ఇక్కడ ప్రతి ట్రామ్ స్టాప్‌లో, వంతెన మీద ఈయూ జెండా బోర్డు కనిపిస్తుంది. నగరానికి ఆ డబ్బు అసలు ఎలా చేరుతుంది? – తెలుగు విద్యార్థి, వ్రోత్స్వాఫ్, పోలండ్

జవాబు: ముందు చేరదు, వెనక చేరుతుంది. చాలామందికి తెలియనిది ఇదే. మీ నగరం ఉన్న దిగువ సైలీషియా ఈ విడతలో వెనకబడిన జాబితా దాటి మారుతున్న ప్రాంతమైంది, కాబట్టి సమాఖ్య వాటా 70 శాతం వరకూ.

దేశం బ్రసెల్స్‌లోని సమాఖ్య కమిషన్‌తో భాగస్వామ్య ఒప్పందం చేసుకుంటుంది. దాని కింద ఒక్కో ప్రాంతం తన కార్యక్రమం రాసుకుంటుంది. పోలండ్‌లో దాన్ని నడిపేది ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయమే. అది దరఖాస్తులు పిలుస్తుంది. నగరం డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) లాంటి పత్రాలు, పర్యావరణ అనుమతి, భూమి హక్కులు జతచేసి దరఖాస్తు పెడుతుంది. మార్కులేసి ఎంపిక చేస్తారు. ఒప్పందం అయ్యాక నగరం టెండరు పిలిచి, కాంట్రాక్టరుకు సాధారణంగా తన డబ్బో అప్పో చెల్లించి, ఆ బిల్లులు చూపించి తిరిగి రాబట్టుకుంటుంది. నిధులు అందుబాటులో ఉంటే క్లెయిమ్ పెట్టిన 80 రోజుల్లోపు చెల్లించాలన్నది నిబంధన. దేశానికి ముందస్తుగా వచ్చేది సాధారణంగా కేటాయింపులో ఏటా 0.5 శాతం మాత్రమే. ప్రతి చెల్లింపులోనూ 5 శాతాన్ని లెక్కల ఆమోదం దాకా ఆపి ఉంచుతారు.

ఒక లెక్క చూడండి. ప్రాజెక్టు కోటి యూరోలది, అందులో భూమికి 15 లక్షలు. భూమి ఖర్చు మొత్తం అర్హమైన ఖర్చులో 10 శాతం మించి ఒప్పుకోరు. కాబట్టి అర్హమయ్యేది 85 లక్షలు, భూమి కింద సుమారు 9.44 లక్షలు, వెరసి 94.44 లక్షలు. దాని మీద 70 శాతం అంటే 66.1 లక్షలు. 30 లక్షలు పెడితే చాలనుకున్న నగరం 33.9 లక్షలు పెట్టాలి. ఇప్పుడు 60 లక్షల సివిల్ పనుల టెండరులో లోపం బయటపడిందనుకోండి. అర్హతా నిబంధనలు కొందరికే సరిపోయేలా రాయడం, గడువు మరీ తక్కువివ్వడం, పని మధ్యలో టెండరు లేకుండా అదనపు పనులు అప్పగించడం మామూలుగా దొరికే తప్పులు. కోత 5, 10, 25, 100 శాతాల చొప్పున ఉంటుంది. 25 శాతం పడితే ఆ 60 లక్షల మీద రావలసిన 42 లక్షల్లో 10.5 లక్షలు పోతాయి. నగరం భారం 44.4 లక్షలకు చేరుతుంది. దొంగతనం ఏమీ జరగకపోయినా సరే.

ఇంకో గండం గడువు. ఒక ఏడాది కేటాయించిన సొమ్ముకు సాధారణంగా మూడో ఏడాది డిసెంబరు 31లోపు బిల్లులు చేరకపోతే అది రద్దవుతుంది. 2021–27 విడత మొత్తానికి ఖర్చు సాధారణంగా 2029 డిసెంబరు 31తో ఆగాలి. మన దగ్గర మార్చి నెలాఖరులో యూసీల (నిధుల వినియోగ ధ్రువపత్రాల) కోసం పడే హడావుడి అక్కడ డిసెంబరులో ఉంటుంది. ఆ తొందరలో తేలికైన పనులు ముందుకొస్తాయి. రోడ్డు, భవనం, కూడలి ముస్తాబు. అసలు అవసరమైన కాలువో శిక్షణ కేంద్రమో వెనక్కి పోతుంది.

నిర్వహణ ఖర్చు సమాఖ్య ఇవ్వదు. ట్రామ్ కొన్నాక కరెంటు, డ్రైవర్లు, పట్టాల మరమ్మతు నగరానివే. 2014లో సమాఖ్య ఖాతాలు తనిఖీ చేసే ఐరోపా ఆడిటర్ల కోర్టు 5 దేశాల్లో సమాఖ్య నిధులు అందుకున్న 20 విమానాశ్రయాలను పరిశీలించి, డబ్బుకు తగ్గ ఫలితం లేదని తేల్చింది. గ్రీస్‌లోని కస్తోరియాలో పొడిగించిన రన్‌వే మీద, ఏ రకం విమానాల కోసం పొడిగించారో ఆ రకం ఒక్కటీ దిగలేదు. ప్రయాణికుల అంచనా రాసేది నిధులు కోరేవాళ్లే అయినప్పుడు అంకె పెద్దదే వస్తుంది.

ప్రశ్న: లోటు 3 శాతం దాటకూడదంటారు, సొంత వాటా పెట్టమంటారు. రెండూ ఎలా కుదురుతాయి? – విశ్రాంత ఆడిట్ అధికారి, విజయవాడ

జవాబు: చాలాకాలం కుదరలేదు. జీడీపీలో లోటు 3, అప్పు 60 శాతం అనే హద్దులకు తగ్గాలంటే జీతాలు, పింఛన్లు కోయడం కష్టం, కొత్త పెట్టుబడి కోయడం తేలిక. దక్షిణ దేశాలు అదే చేశాయి. 2011లో సంక్షోభంలో ఉన్న దేశాలకు సమాఖ్య వాటాను తాత్కాలికంగా 10 శాతం పాయింట్లు పెంచారు. 2024 ఏప్రిల్ చివర్లో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో దేశాన్ని అంచనా వేసే నికర వ్యయం లెక్క నుంచి ఈ సొంత వాటాను తప్పించారు. సంస్కరణలు, పెట్టుబడులు హామీ ఇస్తే లోటు, అప్పు తగ్గించుకునే గడువు 4 నుంచి 7 ఏళ్లకు పెరుగుతుంది. అప్పు మాత్రం అప్పే. వడ్డీ ఈ మినహాయింపుల్ని చూడదు.

ప్రశ్న: దక్షిణ ఇటలీకి డెబ్భై ఏళ్లుగా పోస్తూనే ఉన్నారు కదా, ఎందుకు లేవలేదు? – ఇంజినీరు, విశాఖపట్నం

జవాబు: మొదట్లో లేచింది. 1950లో పెట్టిన దక్షిణ ఇటలీ నిధి సంస్థ తొలి దశలో నీటి పథకాలు, రోడ్లు, భూసంస్కరణల పనులు చేసింది. 1970ల ఆరంభం దాకా ఉత్తరంతో తేడా తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాతే బండి ఆగింది.

1957 చట్టం ప్రభుత్వ రంగ సంస్థల మొత్తం పెట్టుబడిలో 40 శాతం, కొత్త కర్మాగారాల్లో 60 శాతం దక్షిణాదికి వెళ్లాలంది. దాంతో వచ్చినవి ఎక్కువగా ఉక్కు, పెట్రో రసాయనాలు. పెట్టుబడి అపారం, ఉద్యోగాలు అంతంతమాత్రం, చుట్టుపక్కల చిన్న పరిశ్రమలతో లంకె లేదు. ఇటలీ జనం వాటికి ఎడారిలో గుడులు అని పేరుపెట్టారు. 1965లో ప్రారంభమైన తారంతో ఉక్కు కర్మాగారం వేలమందికి పని ఇచ్చింది, ఊరికి కాలుష్యమూ ఇచ్చింది. 1973 చమురు సంక్షోభం ఈ పద్ధతి నడుం విరిచింది. జోయా తౌరోలో ఉక్కు కర్మాగారం కోసమని రేవు తవ్వారు, కర్మాగారం రాలేదు. 1995 నుంచి అది కంటైనర్ల రేవుగా పనికొచ్చింది. విశాఖ పాఠకుడు అడిగారు కనుక చెబుతున్నాం, రేవు పక్కన ఉక్కు అనే ఆలోచన తప్పు కాదు. దాని చుట్టూ ఏమి పెరుగుతుందో చూడకపోవడం తప్పు.

రెండో కారణం సొంత పెట్టుబడికి బదులు సమాఖ్య డబ్బు వాడుకోవడం. సమాఖ్య డబ్బు వస్తోంది కదా అని దేశం తన మామూలు పెట్టుబడిని తగ్గించుకుంటే అదనంగా వచ్చింది సున్నా. అందుకే కేంద్ర శాఖల మూలధన వ్యయంలో దక్షిణాదికి దాని జనాభా వాటా, అంటే 34 శాతం, దక్కాలని 2016లో చట్టంలో పెట్టుకున్నారు. మూడోది సిబ్బంది. ఇటలీలో సుమారు 7,900 మునిసిపాలిటీలుంటే దాదాపు 70 శాతం 5,000 లోపు జనాభావి. చాలాచోట్ల అంచనాలు వేయడానికి ఒక్క ఇంజినీరే దిక్కు. కోవిడ్ తర్వాతి పునరుద్ధరణ ప్రణాళికలో ఇటలీకి 19,440 కోట్ల యూరోలు దక్కాయి, అందులో 40 శాతం దక్షిణాదికని ప్రకటించారు. లక్ష్యాలు చేరడానికి గడువు 2026 ఆగస్టు 31. పేద పట్టణాలను పెద్ద పట్టణాలతో సమానంగా పోటీ దరఖాస్తులకు పిలిస్తే గెలిచేది కన్సల్టెంటును పెట్టుకోగలిగినవాళ్లే. అక్కడ పంచవలసింది ముందు ఇంజినీర్లను, తర్వాత యూరోలను.

ప్రశ్న: రాయితీ తీసుకుని కంపెనీ ఎత్తేస్తే? – కళాశాల విద్యార్థి, నల్గొండ

జవాబు: చివరి చెల్లింపు నుంచి 5 ఏళ్లు, చిన్న మధ్యతరహా సంస్థలైతే 3 ఏళ్లు, ఉత్పత్తి అక్కడే సాగాలి. లేకపోతే సాగని కాలానికి తగ్గట్టు సొమ్ము వెనక్కి. సమాఖ్యలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలడానికి సాయం ఇవ్వకూడదు. నోకియా 2008లో జర్మనీలోని బోఖుమ్ కర్మాగారం మూసి రొమేనియాలోని క్లుజ్‌కు వెళ్లింది, 2011లో అక్కడా మూసింది. ఇలాంటివి చూశాకే నిబంధనలు బిగిశాయి. అయిదేళ్ల మరుసటి రోజును ఏ నిబంధనా ఆపలేదు.

ప్రశ్న: రాయలసీమకు ఈ పద్ధతి పనికిరాదా? – న్యాయవాది, అనంతపురం

జవాబు: మన దగ్గర కేంద్రం చూసేది రాష్ట్రం సగటును. 2021–26కి వర్తించిన 15వ ఆర్థిక సంఘం పన్నుల వాటా సూత్రంలో ఆదాయ అంతరానికి (ధనిక రాష్ట్రంతో తలసరి ఆదాయ తేడాకు) 45 శాతం బరువుండేది, ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102 శాతం వచ్చాయి. రాష్ట్రంలోపల అనంతపురమా గుంటూరా అన్నది ఆ సూత్రానికి కనపడదు. పెస్ట్ జిల్లా కథ ఇదే. విభజన తర్వాత సీమలో నాలుగు, ఉత్తరాంధ్రలో మూడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్ల ప్యాకేజీ మొదలైంది, తొలి మూడేళ్లు ఏటా 350 కోట్లు వచ్చాయి. 2011 లెక్కల ప్రకారం అనంతపురం జనాభా 40.8 లక్షలు. తలకు 122 రూపాయలు. ఐరోపా నుంచి తెచ్చుకోదగ్గది జిల్లా స్థాయి ఆదాయ లెక్కలను కేటాయింపు సూత్రానికి ముడిపెట్టడం, ఏడేళ్ల హామీ. తెచ్చుకోకూడనిది ఆ కాగితాల కొండ. పన్నుల వాటాగా వచ్చే డబ్బుకు మనకు షరతులు తక్కువ, అది మంచిదే.

ప్రశ్న: 2027 తర్వాత ఏమవుతుంది? – అదే అధ్యాపకురాలు

జవాబు: 2025 జులైలో సమాఖ్య కమిషన్ పెట్టిన ప్రతిపాదన ప్రకారం 2028–34లో వ్యవసాయ సాయం, ప్రాంతీయ నిధులు కలిపి దేశానికి ఒకే ప్రణాళిక. చెల్లింపు బిల్లుల మీద కాకుండా లక్ష్యాల మీద. ప్రాంతీయ ప్రభుత్వాలు వ్యతిరేకిస్తున్నాయి. రాజధానిలోని ఆర్థికశాఖ చేతికి తాళం వెళ్తుందన్న వాళ్ల భయంలో పస ఉంది.

ప్రశ్న: నా జీతం చీటీలో సంఘీభావ సర్‌చార్జి అని కోత ఉంది. ఇది తూర్పు జర్మనీకి వెళ్తుందా? నాకెందుకు? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మ్యూనిక్

జవాబు: తూర్పు కోసమే కేటాయించిన నిధి కాదు, కేంద్ర ఖజానాలో కలుస్తుంది. తూర్పువాళ్లూ కడతారు. 1991లో వచ్చి ఆగి, 1995లో తిరిగొచ్చింది. 1998 నుంచి ఆదాయపు పన్ను మీద 5.5 శాతం. తూర్పు రాష్ట్రాల కోసం 2005–19 మధ్య నడిచిన 15,600 కోట్ల యూరోల ఒప్పందం వేరు, అది ముగిసింది. 2021 నుంచి సుమారు 90 శాతం పన్ను చెల్లింపుదారులకు సర్‌చార్జి రద్దయింది, పై ఆదాయాలకు మిగిలింది. అది చెల్లుతుందని 2025 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది.

2025కి ఒంటరివారికి ఏడాది పన్ను 19,950 యూరోలు, కలిసి లెక్క చూపే దంపతులకు 39,900 దాటితేనే ఇది పడుతుంది. ఒంటరివారికి అంటే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం సుమారు 73,500. దాటగానే 5.5 శాతం పూర్తిగా పడదు. దాటిన మొత్తం మీద 11.9 శాతం, లేదా మొత్తం పన్ను మీద 5.5 శాతం, ఏది తక్కువైతే అది. 2025లో మీ పన్ను 22,000 అయితే దాటింది 2,050, సర్‌చార్జి 243.95 యూరోలు. బోనస్ పడిన నెలలో ఎక్కువ కోసినా, ఏడాది మొత్తం హద్దు లోపే ఉంటే రిటర్ను దాఖలు చేసి వెనక్కి తీసుకోవచ్చు. పిల్లలుంటే ఈ సర్‌చార్జి లెక్కలో వాళ్ల మినహాయింపు తీసేసే చూస్తారు, నెలనెలా పిల్లల భత్యం అందుతున్నా సరే. కాబట్టి పిల్లల వివరాలు మీ పన్ను రికార్డులో ఎక్కాయో లేదో ముందు చూసుకోండి.