గోల్ఫ్‌లో స్వింగ్, పటింగ్ బాగుపడాలంటే కోచ్ దగ్గర ప్రైవేటు పాఠం తీసుకోవడం అవసరమా?

మీరు రాసింది ఇది: రెండేళ్లుగా ఆడుతున్నారు, కుడిచేతి వాటం. డ్రైవర్‌తో, అంటే ఎక్కువ దూరం కొట్టే క్లబ్‌తో, కొడితే బంతి కుడివైపుకు వంగిపోతోంది. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నని గడ్డి) చేరాక మూడేసి పట్‌లు (బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బలు) పడుతున్నాయి. వీడియోలు ఎన్ని చూసినా మార్పు లేదు. ఒక గంట పాఠానికి డబ్బు పెట్టడం దండగేమో అని మీ సందేహం.

దండగ కాదు, తప్పకుండా తీసుకోండి. అయితే ఆ గంటంతా డ్రైవింగ్ రేంజ్‌లోనే (దూరం దెబ్బలు సాధన చేసే చోట) గడిచిపోకుండా చూసుకోండి. సగం సమయం గ్రీన్ మీద కావాలని కోచ్‌తో ముందే మాట్లాడుకోండి. చాలామంది ఈ ఒక్క మాట అడగక, గంటసేపు బంతులు కొట్టించుకుని ఇంటికి వస్తారు. స్కోరు కార్డు మీద మాత్రం ఏమీ మారదు.

వీడియోలు మీకు ఎందుకు పనిచేయలేదో ముందు చెబుతాను, ఎందుకంటే పాఠం విలువ అక్కడే అర్థమవుతుంది. బంతికి క్లబ్ తగిలి ఉండేది సుమారు అర మిల్లీసెకను. అంత తక్కువ సమయంలో ఏం జరిగిందో కొట్టేవాడికి తెలియదు, చేతులకు అనిపించింది ఒకటి, జరిగింది మరొకటి. బంతి ఏ దిక్కుగా బయలుదేరాలో ఎక్కువ భాగం క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, నిర్ణయిస్తుంది. గాలిలో ఎటు వంగాలో మాత్రం ఫేస్ చూస్తున్న దిక్కుకూ, క్లబ్ ప్రయాణిస్తున్న దారికీ మధ్య ఉన్న తేడా నిర్ణయిస్తుంది. పాత పుస్తకాలు దీన్ని తలకిందులుగా చెప్పేవి. రాడార్ యంత్రాలు వచ్చాక లెక్క తేలింది. కాబట్టి బంతి కుడికి వంగడానికి కారణం పట్టు సరిగా లేక ఫేస్ తెరుచుకోవడం (కుడివైపు చూడటం) కావచ్చు, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ రావడం కావచ్చు, డ్రైవర్ మడమ వైపు (ఫేస్‌లో కర్రకు దగ్గరి భాగం) బంతి తగలడం కావచ్చు. ముగ్గురికి జ్వరం వచ్చిందని ముగ్గురికీ ఒకే మందు ఇవ్వలేం కదా. వీడియోలో చెప్పేది ఏదో ఒక కారణానికి సరైన మందే, అది మీ కారణమో కాదో చూసి చెప్పే మనిషి అక్కడ ఉండడు.

నా సంగతి చెబుతాను. నేను ఆడేది హైదరాబాద్‌లో, గోల్కొండ నయా ఖిల్లా దగ్గరి కోర్సులో. నాదీ మీ సమస్యే, కుడివైపు వంపు. నాకు పాఠం చెప్పిన కోచ్‌గారు మొదట క్లబ్ ముట్టుకోలేదు. నడుము నొప్పి, మోచేయి నొప్పి ఏమైనా ఉన్నాయా, ఇదివరకు ఏ ఆట ఆడారు, వారంలో సాధనకు ఎంత సమయం దొరుకుతుంది అని అడిగారు. తర్వాత నా ఎడమచేతి గ్లవ్ తీయించి వెలుతురులో తిప్పి చూశారు. అరచేతి కింది భాగంలో, చిటికెన వేలికి దిగువన మెత్తని కండ ఉంటుందే, సరిగ్గా అక్కడ తోలు అరిగి నల్లబడి ఉంది. క్లబ్ వేళ్లలో కాకుండా అరచేతిలో పడుకుంటోందని, స్వింగ్‌లో అది జారి తిరుగుతోందని ఆ మచ్చ చూసే చెప్పారు. అప్పటికి నేను ఒక్క బంతి కూడా కొట్టలేదు.

ఆ తర్వాత 7 ఐరన్‌తో (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) కొన్ని బంతులు కొట్టించి, ఏమీ మాట్లాడకుండా ముందు నుంచి కొంతసేపు, వెనుక నుంచి కొంతసేపు చూశారు. డ్రైవర్ వంతు వచ్చినప్పుడు సంచిలోంచి పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే తీసి ఫేస్ మీద తెల్లగా పూత పూశారు. కొట్టిన ప్రతిసారీ ఆ తెల్లదనంలో బంతి తగిలిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. నా మచ్చలన్నీ మధ్య నుంచి మడమ వైపుకు జరిగి ఉన్నాయి. డ్రైవర్‌లో మడమ వైపు తగిలిన బంతికి కుడివైపు తిరిగే లక్షణం దానంతట అదే వస్తుంది. దానికి తోడు పట్టు వల్ల తెరుచుకున్న ఫేస్. రెండూ కలిసి నా బంతిని చెట్లలోకి పంపుతున్నాయి. పదుల వీడియోలు చూసినా దొరకని సంగతి ఇది.

ఇక్కడ క్రికెట్ గురించి ఒక మాట. మనలో చాలామంది క్రికెట్ ఆడి పెరిగి గోల్ఫ్‌కు వస్తాం. బ్యాట్ ముఖం పిడికి సూటిగా కింద ఉంటుంది, స్ట్రెయిట్ డ్రైవ్‌లో దాన్ని తిప్పకుండా నిటారుగా పట్టడమే నేర్పుతారు. గోల్ఫ్ క్లబ్ తల మాత్రం కర్రకు ఒక పక్కకు పొడుచుకుని ఉంటుంది. అందుకే అది వెనక్కి వెళ్లేటప్పుడు తెరుచుకుని, తిరిగి వచ్చేటప్పుడు మూసుకోవాలి. క్రికెట్ అలవాటుతో ఫేస్‌ను నిలిపి ఉంచితే బంతి కుడికే పోతుంది. మీరూ క్రికెట్ ఆడినవారైతే ఆ సంగతి కోచ్‌కు చెప్పండి, ఆయన వెతుకులాట చాలా తగ్గుతుంది.

ఇంకొకటి, మీరు నిలబడే దిక్కు. కుడికి వంగుతోందని మనం తెలియకుండానే ఎడమవైపు గురిపెట్టి నిలబడతాం. అలా నిలబడితే క్లబ్ ఇంకా బయటి నుంచి కోసుకుంటూ వస్తుంది, వంపు మరింత పెరుగుతుంది. కోచ్‌గారు నేల మీద రెండు సన్నని కడ్డీలు పెట్టించారు, ఒకటి లక్ష్యం వైపు, మరొకటి దానికి సమాంతరంగా నా కాలివేళ్ల ముందు. సరిగ్గా నిలబడ్డాక లక్ష్యానికి బాగా కుడివైపు చూస్తున్నట్టు అనిపించింది. ఆ అనుభూతి తప్పని, కడ్డీలే నిజమని నమ్మడానికి కొంతకాలం పట్టింది.

పాఠం రేంజ్ మ్యాట్ మీద అయితే, కొన్ని బంతులైనా గడ్డి మీద కొట్టిస్తారేమో అడగండి. మ్యాట్ మీద క్లబ్ బంతికి వెనకాల నేలను తాకినా జారి ముందుకు వచ్చేస్తుంది, దెబ్బ బాగానే పడినట్టు ఉంటుంది. అదే దెబ్బ కోర్సులో వేస్తే మట్టి లేస్తుంది, బంతి నాలుగు అడుగులు కదులుతుంది. ఐరన్‌తో కొట్టేటప్పుడు గడ్డి తెగిన మచ్చ బంతి ఉన్న చోటి నుంచి ముందుకు పడాలి. గడ్డి మీద ఒక గీత గీసి, మచ్చ గీతకు ఏ వైపు పడుతోందో చూస్తే చాలు, ఏ యంత్రమూ అక్కర్లేదు.

స్వింగ్ గురించి చివరిగా ఒకటి. ఒకే పాఠంలో నాలుగైదు మార్పులు చెప్పే కోచ్ కంటే, ఒకటో రెండో చెప్పి ఆగేవారు మేలు. అందరి ఒళ్లూ ఒకే మూసలో పోయాలని చూసేవారికి దూరంగా ఉండండి. మన తెలుగు కుటుంబం నుంచి వచ్చిన సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో విజేత అయ్యాడు. అతనికి వెన్నెముక వంపు ఉంది. స్వింగ్ కూడా పుస్తకాల్లో బొమ్మలా ఉండదు, అతని శరీరానికి తగ్గట్టుగా ఉంటుంది. మీ నడుము ఎంత తిరుగుతుందో అంతలోనే మీ స్వింగ్ కుదరాలి.

ఇప్పుడు అసలు విషయం, పటింగ్. పార్ 72 కోర్సులో (18 హోల్స్‌ను 72 దెబ్బల్లో ముగించాలన్నది లెక్క) ప్రతి హోల్‌కూ రెండేసి చొప్పున 36 పట్‌లు లెక్కలోనే ఉంటాయి, అంటే ఆటలో సగం. అయినా పటింగ్ పాఠం అడిగేవారు చాలా తక్కువ. కోచ్‌గారు నాతో అన్న మొదటి మాట, ప్రొఫెషనల్ ఆటగాళ్లు కూడా 8 అడుగుల నుంచి సుమారు సగం పట్‌లే హోల్‌లో వేస్తారు అని. 10 అడుగులకు వెళితే పదింటికి నాలుగు. 33 అడుగుల దూరం నుంచి వారికీ సగటున రెండు పట్‌లు పడతాయి. ఈ అంకెలు విన్నాక నా మనసు తేలికపడింది. మూడు పట్‌లు పడటానికి కారణం చివరి చిన్న పట్ తప్పడం అనుకుంటాం. నిజానికి మొదటి పొడవైన పట్ ఆరేడు అడుగులు తక్కువగానో ఎక్కువగానో వెళ్లడం వల్ల అవి పడతాయి. కాబట్టి మీ విషయంలో ముందు పట్టించుకోవాల్సింది వేగం, ఆ తర్వాతే దిక్కు.

దిక్కుకు ఆయన వాడింది ఒక పొడవాటి స్టీలు స్కేలు, వడ్రంగులు వాడేది. దాని ఒక చివర బంతి పెట్టి, స్కేలు మీదుగా రెండో చివర దాకా పక్కకు పడిపోకుండా దొర్లించాలి. ఫేస్ ఒక డిగ్రీ పక్కకు తిరిగినా బంతి మధ్యలోనే జారిపోతుంది. చూడటానికి చాలా సులువు, మొదట్లో బంతి సగం దూరం కూడా నిలవదు. ఇంకొకటి కళ్ల స్థానం. పట్ వేయడానికి వంగి నిలబడి, ముక్కు పైభాగం నుంచి ఒక బంతిని వదలండి. అది నేల మీది బంతి మీదనో, దానికి కాస్త మీ వైపునో పడాలి. ఆవలివైపు పడితే మీ కళ్లు గీతను దాటి ఉన్నట్టు, అప్పుడు గురి తప్పుగా కనిపిస్తుంది. ఈ రెండూ ఇంట్లో చేసుకోవచ్చు, తివాచీ ఉంటే చాలు. నున్నని టైల్స్ మీద మాత్రం వేగం సాధన చేయకండి, అది ఏ గ్రీన్‌కూ సరిపోదు.

వేగానికి ఆయన చెప్పిన పద్ధతి చాలా సాదాసీదాది. హోల్ దాకా అడుగులు లెక్కపెట్టి నడవాలి. బంతి పక్కన నిలబడి, తల వంచుకోకుండా హోల్‌నే చూస్తూ రెండు మూడు సార్లు గాలిలో పటర్ ఊపాలి. చేయి ఎంత వెనక్కి వెళ్లాలో కన్ను చెబుతుంది. బంతి తప్పితే హోల్ దాటి ఒక అడుగున్నర లోపల ఆగేంత వేగం మంచిదని అమెరికా కోచ్ డేవ్ పెల్జ్ ప్రయోగాలు చేసి చెప్పాడు, ఆయన లెక్క 17 అంగుళాలు. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతిది సుమారు 43. నెమ్మదిగా వచ్చిన బంతికి ఆ వెడల్పంతా పనికొస్తుంది. జోరుగా వచ్చిన బంతి అంచు తగిలితే బయటికి తిరిగిపోతుంది, మధ్యలోకి వచ్చినదే లోపలికి దిగుతుంది.

మన వైపు గ్రీన్ల మీద బెర్ముడా జాతి గడ్డి ఎక్కువ. అది ఒక వైపుకు వాలి పెరుగుతుంది. మీరు నిలబడిన చోటి నుంచి గడ్డి మెరుస్తూ లేత రంగులో కనిపిస్తే మీకు దూరంగా వాలి ఉన్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురుగా కనిపిస్తే ఎదురు వాలు, కాస్త గట్టిగా కొట్టాలి. ఇది నాకు చెప్పింది కోచ్ కాదు, కోర్సులో నా సంచి మోస్తూ నాతో వచ్చే క్యాడీ. అక్కడి గ్రీన్ల వాలు ఆయనకు కంఠతా వచ్చు, కోచ్ దగ్గర నేర్చుకున్నది కోర్సులో అమలు చేయడానికి అలాంటి మనిషి పక్కన ఉండటం అదృష్టం. చలికాలం పొద్దున్నే వెళితే ఇంకో లాభం ఉంది: మంచు పట్టిన గ్రీన్ మీద బంతి వెళ్లిన దారి గీతలా మిగులుతుంది, ఎక్కడ వంపు మొదలైందో కళ్లారా చూడవచ్చు. ఆ సమయంలో వేగం మాత్రం నమ్మకండి, తడి గడ్డి బంతిని ఆపేస్తుంది.

కోచ్‌ను ఎంచుకునేటప్పుడు నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం ఉందా అని అడగండి. ఫీజులో రేంజ్ బంతులు కలిసి ఉన్నాయా, మీ ఫోనులో వీడియో తీసుకోనిస్తారా అన్నవి ముందే తేల్చుకోండి. వీడియో తీయిస్తే ఎదురుగా ఒకటి, లక్ష్యానికి వెనుక నుంచి ఒకటి, రెండూ చేతుల ఎత్తులో ఫోను పట్టి తీయించండి. వేసవిలో అయితే పొద్దున మొదటి గంట అడగండి, ఎండెక్కాక ఏ పాఠమూ బుర్రకెక్కదు. పోటీ రౌండ్‌లో ఆడుతూ కోచ్‌ను సలహా అడగకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. నిబంధనల ప్రకారం సలహా చెప్పే హక్కు మీ క్యాడీకీ, జోడీగా ఆడితే మీ భాగస్వామికీ, అతని క్యాడీకీ మాత్రమే ఉంది, స్ట్రోకులు లెక్కపెట్టే పోటీలో ఇది తప్పితే రెండు స్ట్రోకుల శిక్ష.

పాఠం తర్వాత కొన్ని వారాలు స్కోరు పెరిగినా (గోల్ఫ్‌లో తక్కువ స్కోరే మంచిది) కంగారుపడి మరో వీడియో వెతకకండి. కొత్త పట్టు చేతికి పరాయిగానే ఉంటుంది. సగం స్వింగ్‌తో, నిదానంగా, తక్కువ బంతులతో సాధన చేయండి, అది అలవాటయ్యాకే రెండో పాఠానికి వెళ్లండి. సాధనకు అసలు సమయం దొరకని నెలలో పాఠం పెట్టుకోకండి, అప్పుడే డబ్బు దండగ. నడుమో మోచేయో నొప్పి పెడుతుంటే ముందు డాక్టరును కలవండి.

వెళ్లే ముందు ఒక పని చేయండి. వచ్చే కొన్ని రౌండ్లలో ప్రతి హోల్‌కూ మూడు విషయాలు రాసుకోండి: టీ దెబ్బ (హోల్‌లో మొదటి దెబ్బ) ఎటు పోయింది, మొదటి పట్ ఎన్ని అడుగుల నుంచి వేశారు, అది హోల్‌కు ఎంత దూరంలో ఆగింది. ఆ కాగితం కోచ్ చేతిలో పెడితే మొదటి పావుగంట వృథా కాదు. మీది ఏ ఊరో, మీ డ్రైవర్ ఎన్ని డిగ్రీలదో (ఫేస్ వెనక్కి వాలిన కోణం) రాయండి, నాకు తెలిసినంతలో ఇంకా చెబుతాను.