శంషాబాద్–రాజమండ్రి విమానం: 25 నిమిషాలా, గంటంపావా?

ఈ ప్రయాణం సైటులో 25 నిమిషాలు, టికెట్‌లో గంటంపావు అని ఉంది, దూరమేమో ఒకచోట 360, ఇంకోచోట 195 అని ఉంది, ఏది నమ్మాలని అడిగారు. మీరు చూసిన సైటు జెట్ వేగంతో లెక్క కట్టింది, అందుకే 25 నిమిషాలు వచ్చింది. టికెట్ మీద ఉన్న గంటంపావే నమ్మండి.

1. 360, 195 రెండూ ఒకే దూరం. మొదటిది కిలోమీటర్లు, రెండోది నాటికల్ మైళ్లు (విమానాలు, ఓడల దూరాలకి వాడే కొలత, ఒకటికి 1.852 కి.మీ.).

2. అందరూ వదిలేసేది ఇదే: ఏ విమానమో చూడరు. బుకింగ్‌లో ఫ్లైట్ వివరాలు తెరవండి. ఈ రూట్లో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72, అంటే రెక్కలకి పంకాలు తిరిగే చిన్న విమానం. కొన్ని చోట్ల ‘ఏటీ7’ అని మాత్రమే ఉంటుంది. దాని వేగం గంటకి సుమారు 500 కి.మీ. 360ని 500తో భాగిస్తే 43 నిమిషాలు. జెట్‌కి వేసే 850తో భాగిస్తే మీ 25 వస్తుంది, అదీ గాల్లోకి లేవడం, దిగడం లెక్కలో లేకుండా!

3. మిగతా అరగంట రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, వరుసలో దిగడం. టికెట్ సమయం విమానం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకా.

మధురపూడికి (రాజమండ్రి విమానాశ్రయానికి) కారు పంపేవాళ్లకి టికెట్‌లో దిగే టైమే చెప్పండి. చెకిన్ లగేజీ ఉంటే ఇంకో పావుగంట కలపండి.